రోజుకొక పూట చాలు

నేను ఒక కుర్చీని. మీరంతా మనుషుల్ని ముఖం చూసి గుర్తుపడతారు. నాకా వీలు లేదు. నాకు వాళ్ళ రెండోవైపుతోనే పరిచయం. అయినా నా అనుభవం మీద చెబుతున్నాను, ముఖం అబద్ధమాడినంత సులువుగా ఆ వైపు అబద్ధమాడలేదు. పని చేసేవాడు కూర్చునే తీరు వేరు, పని చేస్తున్నట్టు కనిపించాలనుకునేవాడు కూర్చునే తీరు వేరు. రెండోవాడు తెగ కదులుతాడు. పేము సీటు కాబట్టి నాకు ఆ కదలికంతా తెలుస్తుంది.

మండపేటలో వీరభద్రాచారి అనే వడ్రంగి నన్ను టేకు కర్రతో చేశాడు. రామచంద్రపురం రిజిస్ట్రారు గారు అడిగితే చేసిందే గానీ, ఆయన ఒక్కసారి కూర్చుని చూసి "ఊగుతోందయ్యా" అన్నారు. నిజమే, నా నాలుగు కాళ్ళలో ఒకటి పిసరంత పొట్టి. ఆచారి మాత్రం ఒప్పుకోలేదు. "కుర్చీ బాగానే ఉందండి. తమరి ఆఫీసు నేలే వాలుగా ఉందండి" అన్నాడు. నేలను మార్చడం కుదరదు కాబట్టి నన్ను మార్చారు. ఆఫీసు ఎదుట అరుగు మీద కూర్చునే దస్తావేజు లేఖరి గవర్రాజు గారికి నన్ను ఇచ్చేశారు. ఆయన ఆ పొట్టి కాలి కింద ఒక అట్టముక్క పెట్టి, ముప్ఫై ఏళ్ళు నా మీద కూర్చున్నారు.

రాయడం అంటే ఏమిటో నేను మొదట నేర్చుకున్నది ఆయన దగ్గరే. పదింటికి వచ్చేవారు. పై మీది కండువాతో నన్నోసారి దులిపేవారు. కాగితం పైన శ్రీ చుట్టి మొదలుపెట్టేవారు, ఇక ఒంటిగంట దాకా లేచేవారు కాదు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కరోజు కూడా "ఇవాళ మనసు బాగా లేదు, అమ్మకం దస్తావేజు లోపల్నుంచి రావడం లేదు" అనగా నేను వినలేదు. మొదటి వాక్యం ఎలా ఉండాలా అని పెదవి కొరుక్కోవడం ఆయనకు తెలియదు. దస్తావేజు చివర్న ఎప్పుడూ ఒక మాట రాసేవారు, ఎవరి ప్రేరేపణా లేకుండా నా అంతట నేనే రాసి ఇచ్చితిని అని. రాయడానికి ప్రేరణ అక్కర్లేదన్న సంగతి నాకు అక్కడే బోధపడింది. పైగా ఆయన రాసినవాటిలో కల్పన తక్కువేం కాదు. పళ్ళు నూరుకుంటూ వచ్చిన అన్నదమ్ముల చేత "పరస్పర ప్రేమాభిమానములతో" పొలం పంచి ఇప్పించేవారు. అంతకంటే పెద్ద కల్పన నేను తర్వాత ఏ నవలలోనూ వినలేదు.

గవర్రాజు గారికి చూపు మందగించాక ఎదురుగా ఉన్న నూకరాజు సెలూన్‌కి వెళ్ళిపోయాను. అక్కడ క్షవరానికి వచ్చినవాళ్ళు తమ వంతు వచ్చేదాకా నా మీద కూర్చుని, అట్టలు ఊడిన వారపత్రికలు చదివేవారు. కొందరికి పైకి చదివే అలవాటు. అలా నాకు సాహిత్యం అబ్బింది. కాకపోతే ఏ సీరియల్ అయినా మధ్యలో మొదలయ్యేది, కథానాయిక తలుపు తీసేసరికి నూకరాజు "తమరు రండి బాబూ" అనేవాడు. తలుపు అవతల ఎవరున్నారో నాకు ఈ రోజుకీ తెలియదు. చివరికి ఒక భారీ కాంట్రాక్టరు గారు ఒక ఆదివారం గబుక్కున కూలబడేసరికి నా పేము నాలుగు చోట్ల తెగింది. నూకరాజు ఇనుప మడత కుర్చీలు తెప్పించుకున్నాడు. ఆ పూట క్షవరానికి వచ్చిన వీర్రాజు అనే మనిషి నన్ను చూసి, "ఇది నేను పట్టుకుపోనా? తడి తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొస్తుంది" అన్నాడు.

కుర్చీ జన్మలో ఇంతకంటే అవమానం ఉంటుందా, మీరే చెప్పండి. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో సగం పొలాల తలరాత రాయించిన నేను తువ్వాళ్ళ దండేన్నయ్యాను.

వీర్రాజు బియ్యం మిల్లులో సూపర్‌వైజర్. మధ్యాహ్నం డ్యూటీ, పొద్దున్నంతా ఇంట్లోనే ఉండేవాడు. ఇంట్లో అతని తల్లి వెంకాయమ్మ, భార్య మంగతాయారు. వెంకాయమ్మ గారికి అరవై ఏడేళ్ళు. అయిదో తరగతి దాకా చదివారు, ఆ చదువును ఒక్కరోజు కూడా తుప్పు పట్టనివ్వలేదు. ఇంట్లోకి వచ్చిన ప్రతి కాగితాన్నీ, అది పప్పు పొట్లం కట్టిన కాగితమైనా సరే, కళ్ళజోడు పెట్టుకుని పైకి చదవాల్సిందే. తాయారుకు ముప్ఫై ఎనిమిది. ఆవిడ కథలు రాసేది. రెండు కథలు ఒక మాసపత్రికలో పడ్డాయి కూడా. ఇక నవల రాయాలని ఆవిడ కోరిక. పెరటి వైపు చిన్న గది ఒకటి చూసుకుని, నా మీద తువ్వాళ్ళు తీసేసి, నా సీటుకు కొత్త పేము అల్లించింది. ఆ రోజే నేను ఆమె పక్షం అయిపోయాను.

అయితే ఆవిడది ఆరంభశూరత్వం అనేవారు ఇంట్లో. కొత్త నోటుబుక్కు తెరిచేది, నవల పేరు రాసేది, దాని కింద రెండు గీతలు గీసేది, మొదటి అధ్యాయం అని రాసేది. సరిగ్గా అప్పుడే "తాయారూ!" అని వంటింట్లోంచి ఒక కేక. పాలు పొంగుతున్నాయి. వచ్చి కూర్చునేది. "తాయారూ, నా పంచె ఏదీ?" లేచి వెళ్ళేది. "తాయారు గారూ, కాస్త తోడు మజ్జిగ ఉంటే పొయ్యండి" అని గోడ అవతల్నుంచి పక్కింటి పద్మావతి. ఒక పొద్దున పద్నాలుగు సార్లు లేచింది. లేచినప్పుడల్లా కీచుమన్నది నేనే కాబట్టి లెక్క తప్పదు. పద్నాలుగోసారి తిరిగొచ్చి ఇక కూర్చోలేదు. కలానికి మూత పెట్టి, నా వీపు మీద చెయ్యి వేసి కాసేపు ఊరికే నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. మొదటి అధ్యాయం దాటని నోటుబుక్కులు ఆ ఇంట్లో అప్పటికి ఏడు.

అలాంటప్పుడు ఆవిడ, తన కథలు వేసిన ఆ పత్రిక సంపాదకులు సోమయాజులు గారికి ఉత్తరం రాసింది. నవల ఎలా రాయాలో కాస్త చెప్పండి అని. అవి ఇంకా పోస్టుకార్డుల రోజులు. సోమయాజులు గారు పొదుపరి. మాటల్లోనే సుమండీ. పది రోజులకు ఒక కార్డు వచ్చింది. పోస్ట్‌మాన్ దాన్ని వెంకాయమ్మ గారి చేతికిచ్చాడు. ఇక అందులో ఉన్నది ఇంటందరిదీ అయిపోయినట్టే.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని గుమ్మంలో నిలబడి చదివారు.

"నవల రాయండి. ఆవేశం పనికిరాదు. రోజుకొక పూట చాలు. నియమం తప్పకూడదు. ఒకే ఆసనం, ఒకే వేళ. ఉగాది లోపు ముగిస్తే సీరియల్‌గా వేస్తాము. ఇట్లు, సోమయాజులు."



"రోజుకొక పూటా?" అన్నాడు వీర్రాజు. "అంటే ఏంటమ్మా?"

"ఏంటంటావేంట్రా? ఒంటిపూట భోజనం. అంతకంటే విడమరిచి ఎవరు చెప్తారు?"

"నవల రాయడానికి పస్తెందుకు అత్తయ్యగారూ?" అంది తాయారు.

వెంకాయమ్మ గారు కార్డును కళ్ళకద్దుకున్నారు. "ఆయన పేరు చూశావా? సోమయాజులు. యజ్ఞాలు చేసిన వంశం అమ్మాయ్, ఊరికే నోటికొచ్చింది రాస్తారా? ఆవేశం పనికిరాదన్నారు, అంటే కోపతాపాలు కూడదని. నియమం తప్పకూడదన్నారు. ఆసనం మారకూడదన్నారు. ఇది దీక్ష కాకపోతే ఇంకేంటి? ఇన్నాళ్ళూ నవల ఎందుకు కుదరలేదో ఇప్పుడు తెలిసింది. నువ్వు మూడు పూటలా తింటూ రాశావు."

మీకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సోమయాజులు గారు రాసింది పుట. రోజుకొక పుట రాస్తే చాలునని. ఆయన చేతిరాతలో ప్రతి కొమ్మూ తోక సాగి కొమ్ముదీర్ఘంలా కనిపిస్తుంది. ఆ తోక కాస్త లాగేసరికి పుట పూటయింది, పూట ఒంటిపూటయింది, ఒంటిపూట దీక్షయింది. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, సలహా అడిగిన పాపానికి తాయారుకు అన్నం బందయింది. అప్పటికి ఈ సంగతి మాలో ఎవరికీ తెలియదు. తెలిస్తే మాత్రం నేనేం చేయగలను, కీచుమనడం తప్ప.

కార్తీక పౌర్ణమి నాడు దీక్ష మొదలైంది. ఉగాదికి సరిగ్గా మూడు మండలాలు, పైన పది రోజులు అని వెంకాయమ్మ గారు తేల్చారు. తెల్లారేసరికి తలస్నానం, మధ్యాహ్నం ఒక్క పూట భోజనం, అందులో ఉల్లి, వెల్లుల్లి లేదు. సాయంత్రానికి ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు. తొమ్మిదింటి నుంచి పన్నెండింటి దాకా తాయారు గదిలో కూర్చుని రాసుకోవాలి, అప్పుడు ఎవరూ పిలవకూడదు. వంట వీర్రాజుది. గుమ్మానికి మామిడాకులు కట్టారు. ఇక ఆసనం నేనే కదా, నా నాలుగు కాళ్ళకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. ప్రతి శుక్రవారం బెల్లం ముక్క నైవేద్యం. ఆ బెల్లానికి వచ్చిన చీమలు నా పేము సందుల్లో కాపురాలు పెట్టాయి. పూజలందుకోవడం బయటికి కనిపించినంత సుఖం కాదు. ఏ దేవుణ్ణి అడిగినా చెబుతాడు.

ఊళ్ళో ఈ వార్త పాకింది. పక్కింటి పద్మావతి ఇప్పుడు మజ్జిగ కోసం కేకెయ్యడం మానేసి, కొడుకు పెన్ను పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. "మా వాడికి లెక్కల్లో అత్తెసరు మార్కులొస్తున్నాయండి. దీక్షలో ఉన్నారు కదా, తాయారు గారి చేత ఒకసారి ఈ పెన్ను ముట్టించండి" అంది. వెంకాయమ్మ గారు ఆ పెన్ను తీసుకుని, తాయారును పిలవకుండా, నా చేతికి తాకించి ఇచ్చేశారు. ఆ కుర్రాడు తర్వాత పాసయ్యాడు. ఆ ఘనత నాదే అని నేననను గానీ, కాదని కూడా అనను.

పాపం, వీర్రాజుకు ఉల్లిపాయ లేనిదే ముద్ద దిగదు. ఒకరోజు మిల్లు పక్క హోటల్లో పకోడీ తిని వచ్చాడు. గేటు దగ్గరే పట్టేశారు వెంకాయమ్మ గారు.

"ఏం తిన్నావురా?"

"ఏం తినలేదమ్మా."

"ఏం తినకపోతే ఈ వాసనేంటి?"

"పక్కవాడు తిన్నాడమ్మా."

"పక్కవాడు తింటే నీ మీసానికి శనగపిండి ఎందుకంటుకుందిరా?" అని నూతి దగ్గరికి పంపి స్నానం చేయించి గానీ లోపలికి రానివ్వలేదు.

ఇంత చేస్తే నవల ఎలా సాగిందో చెప్పనా? అసలు సాగనే లేదు. తాయారు రాసేటప్పుడు పెదవులు కదుపుతుంది కాబట్టి నాకు ప్రతి మాటా వినిపించేది. కథ పేరు సుడిగుండంలో సుమతి. అత్తింటి బాధ పడలేక సుమతి మొదటి అధ్యాయంలోనే ఇల్లు విడిచి రైలెక్కాలి. తాయారు బాగానే మొదలుపెట్టింది. సుమతి కన్నీళ్ళు తుడుచుకుని పెట్టె సర్దుకుంది. అందులో రెండు చీరలు, అమ్మ ఫోటో, దారిలో తినడానికి పులిహోర. గుమ్మం దాకా వచ్చాక పులిహోరలో వేరుశనగపప్పు వెయ్యలేదని గుర్తొచ్చి సుమతి వెనక్కి తిరిగింది. వేయించేసరికి ఒక పుట. ఆ తర్వాత అత్తగారు గుత్తివంకాయ కూర వండుతోంది, దాని గురించి మూడు పుటలు. ఊళ్ళోకెల్లా క్రూరుడైన సుమతి మామగారు ఎంత క్రూరుడంటే పెరుగన్నంలోకి ఆవకాయ అడిగితే ఇవ్వడు. ఇరవై రోజులు గడిచాయి. సుమతి రైలు స్టేషన్ మాట అటుంచి వీధి గేటు కూడా దాటలేదు. పెట్టెలోకి మాత్రం కాజాలు, జంతికలు, ఒక సీసాడు నిమ్మకాయ పచ్చడి చేరాయి. ఆ పెట్టె మొయ్యడానికి ఇద్దరు కూలీలు కావాలి.

తాయారు కడుపులో ఎలుకలు పరిగెత్తడం నాకు స్పష్టంగా తెలిసేది. ఆవిడకు కార్డు మీద అనుమానం లేకపోలేదు. కానీ అంత పెద్దమనిషి మాట కాదనడానికి ధైర్యం చాలలేదు. చివరికి ఎవరికీ చెప్పకుండా సోమయాజులు గారికి ఒక ఉత్తరం రాసి, రాసిన ఇరవై పుటలూ జతచేసి పంపింది. "తమరు చెప్పినట్టే రోజుకొక పూట మాత్రమే తింటున్నానండి. నీరసంగా ఉంటోంది. పొద్దున్న పూట మజ్జిగ తాగితే నియమభంగం అవుతుందాండీ?" అని.

జవాబు ఈసారి తాయారు చేతికే వచ్చింది. గదిలోకి వచ్చి, నా మీద కూర్చుని, పెదవులు కదుపుతూ చదువుకుంది.

"అమ్మా, నేను రాసినది పుట. పుట అనగా పేజీ. రోజుకొక పేజీ రాసిన చాలునని నా భావము. మీరు మూడు పూటలా శుభ్రముగా భోజనము చేయండి. సుమతి చేత మాత్రము కొంచెము తక్కువ తినిపించండి. ఆమె రైలెక్కవలసి ఉన్నది."

తాయారు నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నా కాలి కింద అట్టముక్క జారిపోయేంతగా నవ్వింది. నవ్వు ఆగాక, ఈ సంగతి అందరికీ చెప్పి వంటింట్లోకి వెళ్ళి కడుపారా నాలుగు ఇడ్లీలు తినాలని లేచింది. తలుపు మీద చెయ్యి వేసింది. అంతలో వీధి వైపు నుంచి మాటలు వినిపించాయి. వీర్రాజు పెత్తల్లి కూతురు వచ్చింది.

"తమ్ముడూ, మా పిల్లకు రేపు పెళ్ళిచూపులు. తాయారును ఒక్క పూట పంపించు. గారెలు తన చేత్తో వేస్తేనే కుదురుతాయి."

"లేదక్కా. తాయారు దీక్షలో ఉంది. రాసుకునే వేళలో పిలవకూడదు."

"ఒక్క పూటేగా!"

"ఆ పూటేనక్కా పిలవకూడనిది. కావాలంటే నేనొచ్చి వేస్తాను. ఇప్పుడు నాకూ వచ్చులే."

తాయారు తలుపు మీంచి చెయ్యి తీసేసింది. మెల్లగా వచ్చి నా మీద కూర్చుంది. పదహారేళ్ళ కాపురంలో తనను పిలవకూడదని ఎవరైనా అనడం ఆమె వినడం అదే మొదలు. కార్డు చదివి వినిపిస్తే మూడు పూటలా అన్నం దొరుకుతుంది. కానీ ఈ తలుపు మళ్ళీ బార్లా తెరుచుకుంటుంది. ఒక పేజీయే కదా, గారెలు వేసొచ్చి రాసుకో అంటారు. పాలు కాచి రాసుకో అంటారు. అడిగేవాళ్ళ తప్పు కూడా కాదు, పేజీ అంటే వాళ్ళకు అంతే. పూట అంటేనే వాళ్ళకు అర్థమైంది. తాయారు ఆ కార్డును నా పేముకూ చట్రానికీ మధ్య సందులోకి దోపేసి, కళ్ళు తుడుచుకుని, నోటుబుక్కు తెరిచింది.

ఆ రోజు సుమతి వీధి గేటు దాటింది. పెట్టె అక్కడే వదిలేసింది.

మర్నాటి నుంచి రోజుకొక పుట. బాగా వస్తోంది కదా అని రెండోది రాయదు, రావడం లేదు కదా అని మొదటిది వదలదు. పుట నిండగానే వాక్యం సగంలో ఉన్నా కలం మూసేస్తుంది. మర్నాడు ఆ సగం వాక్యం దగ్గరే అందుకుంటుంది. దాంతో ఎలా మొదలెట్టాలా అన్న బెంగ పోయింది. నాకు గవర్రాజు గారే గుర్తొచ్చారు. కూర్చునే తీరు కూడా మారింది. కదలడం లేదు. ఒక్కో రోజు ఆ పుట మహా చెత్తగా ఉండేది. సుమతి స్టేషన్‌లో నిలబడి నాలుగు రోజులు ఆకాశం వైపు చూసింది, ఆకాశంలో ఏమీ లేదు. అయినా పుట పుటే కదా అనుకునేదేమో, మర్నాడు మళ్ళీ వచ్చి కూర్చునేది.

కానీ ఆకలి మాత్రం ఆకలే. ఆమె బరువు తగ్గడం ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది నాకే. ముప్ఫై తొమ్మిదో రోజున సుమతి రైలెక్కబోతుండగా తాయారు తల ముందుకు వాలింది. కలం జారి కింద పడింది. మనిషి పక్కకు ఒరిగింది. చేతులున్న కుర్చీని కాబట్టి సరిపోయింది, పట్టుకున్నాను. తాయారూ, ఆ కార్డు తీసి చూపించెయ్యి తల్లీ, నవల పోతే పోయింది అని నా నాలుగు కాళ్ళూ మొత్తుకున్నాయి. ఆవిడ కాసేపటికి తేరుకుని, కూజాలో నీళ్ళు తాగి, ఆ పుట పూర్తి చేసింది. నాకు భయం వేసింది. ఇంకా తొంభై నాలుగు రోజులున్నాయి.

మర్నాడు శుక్రవారం. తాయారు స్నానానికి వెళ్ళింది. వెంకాయమ్మ గారు పసుపు గిన్నె పట్టుకుని వచ్చారు. రెండ్రోజుల్లో రెండో మండలం మొదలవుతుంది కదా, ఈసారి సీటు కూడా శుభ్రం చేద్దామనుకున్నారు. తడిగుడ్డతో పేము తుడుస్తుంటే చట్రం సందులోంచి కార్డు బయటపడింది. బయటపడ్డ కాగితాన్ని చదవకుండా వదిలే మనిషి కాదు కదా ఆవిడ. కళ్ళజోడు పెట్టుకున్నారు. "అమ్మా, నేను రాసినది..." అని పైకి మొదలెట్టి, ఆ తర్వాత గొంతు తగ్గించారు. చివరికి వచ్చేసరికి శబ్దమే లేదు. ఆవిడ ఒక కాగితాన్ని మనసులో చదువుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

చదవడం అయ్యాక, దీక్ష మొదలైన దగ్గర్నుంచీ ఎవర్నీ ముట్టుకోనివ్వని ఆ ఆసనం మీద, అంటే నా మీద, కూలబడ్డారు. బల్ల మీద నోటుబుక్కు తెరిచే ఉంది. దాన్ని దగ్గరికి లాక్కున్నారు. గేటు దాటినప్పటి నుంచి చదివారు. పుట తర్వాత పుట తిప్పారు. సుమతి రైలెక్కిన చోట ఆగి, ముక్కు చీదుకున్నారు. సుమతి అత్తగారిని తిట్టిన చోట మాత్రం "హుఁ" అన్నారు.

ఇప్పుడు ఇల్లెగిరిపోతుంది అనుకున్నాను. కోడలు పన్నెండు రోజులుగా సంగతి దాచింది. అబద్ధపు దీక్ష అని నలుగురికీ తెలిస్తే పరువు తక్కువ. పైగా అసలు తప్పు చదివినావిడదే. తన తప్పు బయటపడినప్పుడు మనుషులకు ఎదుటివాడి తప్పు ఎంత బాగా కనిపిస్తుందో నేను రిజిస్ట్రారు ఆఫీసు ముందు ముప్ఫై ఏళ్ళు చూశాను.

అంతలో వీర్రాజు గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటమ్మా ఆ కార్డు?"

వెనకాలే తాయారు, తల తుడుచుకుంటూ. అత్తగారి చేతిలో కార్డు చూసి అక్కడే ఆగిపోయింది.

వెంకాయమ్మ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. కార్డును కాస్త దూరంగా పట్టుకున్నారు.

"సోమయాజులు గారు రాశార్రా. రెండో మండలం నుంచి నియమం మారుతుందిట."

"ఎలాగమ్మా?"

"మూడు పూటలా తినాలిట. శుభ్రంగా అని కూడా రాశారు. పొద్దున్న పది గంటలకు మధ్యలో ఏదన్నా ఫలహారం పెట్టాలిట." ఆవిడ కార్డులోకి ఇంకా వంగి చూశారు. "ఉల్లిపాయ ఫరవాలేదుట."

"ఎంత మంచాయనమ్మా!" అన్నాడు వీర్రాజు.

"ఉండెహె, అవ్వలేదు. రాసుకునే వేళలో పిలిస్తే మాత్రం మొదటి మండలంలో కంటే రెట్టింపు దోషంట. పిలిచినవాడికే తగులుతుందిట."

"నేనెప్పుడు పిలిచానమ్మా?" అంటూ వీర్రాజు ఉల్లిపాయలు తరగడానికి వంటింట్లోకి పరిగెత్తాడు.

గదిలో ఇద్దరూ మిగిలారు. తాయారు ఏదో చెప్పబోయింది. వెంకాయమ్మ గారు కార్డును రొంటిన దోపుకుని, నన్ను పట్టుకుని లేచారు.

"కడుపు మాడ్చుకుని రాయకపోతే నాకు చెప్పొచ్చుగా పిచ్చిమొహమా" అన్నారు. "నేనేమన్నా రాక్షసినా? నీ సుమతి అత్తగారు రాక్షసి గానీ." గుమ్మం దగ్గర ఆగి, "ఆవిడ చేత ఒక్కసారన్నా మంచిమాట అనిపించు" అని వెళ్ళిపోయారు.

తాయారు నా మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తూనే నాలుగు ఇడ్లీలు తింది. ఆ రోజు పుట కూడా రాసింది.

నవల ఉగాదికి అయిదు రోజుల ముందు అయిపోయింది. సుమతి అత్తగారు నలభై రెండో పుటలో స్టేషన్‌కి వచ్చి, కోడలికి కిటికీలోంచి ఒక మంచిమాట చెప్పింది. సోమయాజులు గారికి అన్నిటికంటే నచ్చిన పుట అదేనట. సీరియల్ మొదలయ్యాక నూకరాజు సెలూన్‌లో కూడా చదువుతున్నారని వీర్రాజు క్షవరానికి వెళ్ళినప్పుడల్లా చెప్పేవాడు. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఎండిపోయాయి గానీ, తొమ్మిది నుంచి పన్నెండు దాకా తాయారును ఇప్పటికీ ఎవరూ పిలవరు. దీక్ష ఎప్పుడు అయిపోయిందో ఎవరికీ గుర్తు లేదు. వెంకాయమ్మ గారు ఎవర్నీ గుర్తు చేసుకోనివ్వలేదు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం జరిగింది చెప్పి ముగిస్తాను. ఆ రోజు వీర్రాజుకు సెలవు. తాయారు రాత ముగించుకుని, భోంచేసి పడుకుంది. వీర్రాజు ఫ్యాను రెక్కలు తుడుద్దామని నన్ను గది మధ్యకు లాగి, నా మీద ఎక్కి నిలబడ్డాడు. నా పొట్టి కాలు కింద అట్టముక్క లేదు, ఇద్దరం ఊగుతున్నాం. అప్పుడు వెంకాయమ్మ గారు లోపలికి వచ్చారు. చేతిలో కొత్త నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు.

"దిగరా కిందికి."

"ఒక్క రెక్క మిగిలిందమ్మా."

"దిగమన్నానా. అది నా ఆసనం. ఇవాళ్టి నుంచి నాకు దీక్ష."

వీర్రాజు దిగాడు. దుమ్ము గుడ్డ పట్టుకుని తల్లి వంక చూశాడు. "నీకేం దీక్షమ్మా? మళ్ళీ కార్డేమన్నా వచ్చిందా?"

"వచ్చింది."

"ఎవరు రాశారు?"

"నేనే రాసుకున్నాను." వెంకాయమ్మ గారు నన్ను బల్ల దగ్గరికి లాక్కుని, చెంగుతో దులిపి, కూర్చున్నారు. ఏమీ కదలలేదు. పెన్సిలు చేతిలోకి తీసుకుని, నోటుబుక్కు మొదటి పుట తెరిచి, కొడుకు వైపు చూడకుండానే అన్నారు.

"తలుపు దగ్గరగా వేసి వెళ్ళు. ఎవరన్నా వస్తే లేనని చెప్పకు. మా అమ్మ రాసుకుంటోందని చెప్పు."